కరంగహాకె గోర్జ్ పాత బంగారు గనుల నడక దారి: ఒక్క రోజులో ఏం చూడాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి

మీరు అడిగినవి నాలుగు. న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ నుంచి పొద్దున బయలుదేరి సాయంత్రానికి తిరిగి వచ్చేలా కరంగహాకె లోయ చూడొచ్చా? టార్చి నిజంగా అవసరమా? ఎనిమిదేళ్ల బాబు అక్కడి నదిలో బంగారం జల్లించుకోవచ్చా? మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు నడవగలరా?

ముందు పొట్టి జవాబులు. ఒక్క రోజు సరిపోతుంది. టార్చి కావాలి, అదీ మనిషికొకటి. బంగారం జల్లించకూడదు, జల్లించినా దొరకదు. అమ్మగారికి విండోస్ వాక్ (మెట్లెక్కి గని సొరంగాల్లోంచి వెళ్ళే దారి) వద్దు, అదే లోయలో ఆవిడకి సరిపోయే దారి వేరే ఉంది.

వెళ్ళేవాళ్ళలో చాలామంది సొరంగంలో ఫోటోలు దిగి, బయట గడ్డిలో ఉన్న కాంక్రీటు దిమ్మెలని "ఏవో శిథిలాలు" అనుకుని దాటేస్తారు. అసలు చూడాల్సినవి ఆ దిమ్మెలే. అక్కడ రాయి కొండలోంచి బయల్దేరి, బండి పట్టాల మీద వచ్చి, బ్యాటరీ అనే దంచే యంత్రంలో పిండి అయి, తొట్టెల్లో నాని, చివరికి నదిలో కలిసింది. కింద కారు ఆపి పైకెక్కే మీరు అదే దారిని వెనక్కి నడుస్తారు. ఇది గుర్తుంటే ప్రతి దిమ్మె దేనికో దానంతట అదే తెలుస్తుంది.

వెళ్ళే ముందు రోజు

ఈ దారులు చూసుకునేది డిపార్ట్‌మెంట్ ఆఫ్ కన్జర్వేషన్, అక్కడి వాడుకలో "డాక్". వాళ్ళ వెబ్‌సైట్లో కరంగహాకె పేజీ తెరిచి, హెచ్చరికల భాగం తప్పకుండా చదవండి. నిట్టనిలువు రాతి గోడల కింద నడిచే దారి ఇది, పెద్ద వాన పడితే రాళ్ళు జారతాయి. అప్పుడు విండోస్ వాక్ లూప్‌లో ఒక ముక్క మూసేస్తారు, ఒక్కోసారి నెలల తరబడి. లూప్ మొత్తం తెరిచి లేకపోతే వెళ్ళినంత దూరం వెళ్ళి అదే దారిన వెనక్కి రావడమే. అడ్డుగా పెట్టిన కంచె దాటి "ఇంత దూరం వచ్చాం కదా" అని ముందుకి పోకండి. పైన రాయి వదులైందని అక్కడికి వెళ్ళి చూసినవాళ్ళు పెట్టిన కంచె అది.

ఆక్లాండ్ నుంచి దక్షిణంగా హైవే 1, పోకెనో దగ్గర హైవే 2, పైరోవా ఊరు దాటగానే లోయ మొదలవుతుంది. మధ్యలో ఆగకపోతే గంటన్నర నుంచి రెండు గంటలు. వేసవి శని, ఆదివారాల్లో పార్కింగ్ త్వరగా నిండిపోతుంది, తొమ్మిదిన్నర లోపు చేరితే మంచిది. కారులో బ్యాగులు కనబడేలా వదలొద్దు, నడక దారుల మొదట్లో ఉండే పార్కింగుల్లో అద్దాలు పగలగొట్టే దొంగతనాలు న్యూజిలాండ్‌లో ఉన్నవే. ప్రవేశ రుసుము లేదు.

చలికాలం, అంటే జూన్ నుంచి ఆగస్టు దాకా, లోయ ఇరుకు కావడంతో ఎండ తొందరగా తప్పుకుంటుంది. మధ్యాహ్నం మూడు దాటాక విండోస్ వాక్ మొదలుపెట్టకండి.

ఏం తీసుకెళ్ళాలి

తలకి కట్టుకునే హెడ్‌ల్యాంప్ అన్నిటికన్నా ముఖ్యం, 150-200 ల్యూమెన్లది చాలు. ఫోన్ టార్చితో పని నడుస్తుందనుకుంటారు. ఫోన్ పట్టుకున్న చేయి కమ్మీ పట్టుకోలేదు, ఆ చేత్తోనే ఫోటో తియ్యబోతే వెలుగు పోతుంది, తడి రాళ్ళ మీద ఫోన్ జారితే రెండూ పోతాయి. ముందు నడిచేవాళ్ళ వెలుగులో వెనకవాళ్ళు నడవొచ్చన్న లెక్క కూడా తప్పుతుంది, ఎందుకంటే ముందువాళ్ళ నీడ సరిగ్గా వెనకవాళ్ళ కాళ్ళ ముందే పడుతుంది. పిల్లాడికి విడిగా ఒకటి ఇవ్వండి. వాడు దాన్ని నలుగురి కళ్ళలో కొట్టకుండా చూసుకోవడం మీ తిప్పలు.

అడుగు భాగం గట్టిగా పట్టే బూట్లు, పల్చటి రెయిన్ జాకెట్, మనిషికి లీటరు నీళ్ళు. సొరంగాల నేల మీద నీళ్ళు నిలుస్తాయి, చెప్పులతో పనికాదు. పైకప్పు కొన్నిచోట్ల తక్కువ ఎత్తులో ఉంటుంది, పొడుగువాళ్ళు టోపీ పెట్టుకుంటే నెత్తి తగిలినా చర్మం చిట్లదు.

బూట్ల అడుగున మట్టి లేకుండా ఇంటి దగ్గరే కడుక్కుని వెళ్ళండి. ఈ ప్రాంతపు అడవుల్లో కౌరి చెట్లున్నాయి. వాటి వేళ్ళని చంపే ఫైటాఫ్తొరా అనే సూక్ష్మజీవి బూట్లకంటిన మట్టితోనే ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోతుంది, మందు లేదు. దారి మొదట్లో బ్రష్, మందునీళ్ళు పెట్టిన స్టేషన్ కనిపిస్తే ముందు మట్టి గీకి, తర్వాతే మందు కొట్టండి. మట్టి మీద కొట్టిన మందు లోపలికి దిగదు.

టాలిస్మన్, క్రౌన్ బ్యాటరీలు: తొందరపడకుండా చూడాల్సిన చోటు

పార్కింగ్ నుంచి వేలాడే వంతెనల మీదుగా దాటితే ఒహినెమురి నదిలో వైటఫెటా నది కలిసే చోటికి చేరతారు. వంతెన దగ్గర ఒకేసారి ఎంతమంది ఎక్కొచ్చో బోర్డు ఉంటే దాన్ని పాటించండి. ఊగడం మామూలే, ఊపడం మాత్రం వద్దు.

బ్యాటరీ అంటే ఇక్కడ కరెంటుది కాదు, రాయి దంచే రోకళ్ళ వరస. ఇనప రోకలిని స్టాంపు అంటారు. ఒక్కోటి నాలుగైదు వందల కిలోలు, తిరిగే ఇరుసు మీది పళ్ళు దాన్ని పదిహేను ఇరవై సెంటీమీటర్లు ఎత్తి వదిలేస్తాయి, నిమిషానికి తొంభై నుంచి వంద సార్లు. ఒక ఇనప రోలులో మామూలుగా ఐదు రోకళ్ళు. ఇవి రాత్రీపగలూ పడుతుంటే కింద నేల నిలవాలి, అందుకే అంతంత మందం పునాదులు. బోల్టులు పైకి పొడుచుకొచ్చి వరసగా ఉన్న దిమ్మెలు కనిపిస్తే అవి రోళ్ళ పునాదులు. గుండ్రటి ఆకారాలు కనిపిస్తే అవి తొట్టెల అడుగులు. మొత్తం కట్టడం కొండవాలు మీద మెట్లు మెట్లుగా ఎందుకుందంటే, పైన పోసిన రాయి ఒక్కో పనీ పూర్తయి తన బరువుతో తనే కిందికి దిగాలి. ఎత్తిపోసే ఖర్చు మిగులుతుంది. అబ్బాయిని కింద నిలబెట్టి "రాయి ఎక్కడ లోపలికొచ్చి ఎక్కడ బయటికిపోయింది?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో అరగంట గడుస్తుంది.

ఒహినెమురి బంగారు క్షేత్రం 1875లో తెరిచారు. వచ్చినవాళ్ళకి పెద్ద చిక్కొచ్చింది. ఇక్కడి బంగారం నదిలో గింజల్లా దొరికేది కాదు, అగ్నిపర్వతపు రాళ్ళలో చొచ్చుకున్న తెల్లటి క్వార్ట్జ్ పొరల్లో, వెండితో కలిసి, కంటికి కనబడనంత సన్నగా ఉంటుంది. దంచిన పిండిని పాదరసం పూసిన రాగి రేకుల మీద పారిస్తే పాదరసం బంగారాన్ని పట్టుకోవాలి. గింజ పెద్దదైతే పట్టుకుంటుంది. ఇంత సన్నదైతే నీళ్ళతో పాటు జారిపోతుంది. ఉన్న బంగారంలో సగం దాకా నదిపాలయ్యేది.

దీనికి విరుగుడు 1887లో గ్లాస్గోలో మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు పేటెంట్ తీసుకున్న సైనైడ్ పద్ధతి. దాన్ని ప్రపంచంలో మొట్టమొదట వ్యాపార స్థాయిలో వాడింది ఇక్కడే, క్రౌన్ బ్యాటరీలో, 1889లో. పిండిని తొట్టెల్లో పోసి పలచటి సైనైడ్ ద్రావణంలో రోజుల తరబడి నానబెడతారు. గాలిలోని ఆక్సిజన్ సాయంతో బంగారం ఆ నీళ్ళలో కరుగుతుంది. ఆ నీళ్ళని జింకు తురుము మీదుగా పారిస్తే జింకు కరిగి బంగారం నల్లటి మడ్డిలా దిగుతుంది, దాన్ని కొలిమిలో కరిగిస్తారు. తొట్టెలో సున్నం కలపడం తప్పనిసరి, ద్రావణం పులుపెక్కితే సైనైడ్ విషవాయువుగా లేచిపోతుంది. రాబడి తొంభై శాతం దగ్గరికి చేరింది. 1897లో ప్రభుత్వమే 10,000 పౌండ్లిచ్చి న్యూజిలాండ్‌కి పేటెంట్ హక్కులు కొని గనులవాళ్ళకి లైసెన్సులిచ్చిందంటే ఈ పద్ధతి విలువెంతో చూడండి. గడ్డిలో ఉన్న ఆ గుండ్రటి అడుగుల ముందు ఐదు నిమిషాలు ఆగమనేది అందుకే.

విండోస్ వాక్

లూప్ మొత్తం సుమారు రెండున్నర కిలోమీటర్లు, ఆగకుండా నడిస్తే గంట. ఆగి చూస్తే గంటన్నర, రెండు. బ్యాటరీ దగ్గర నుంచి మెట్లు ఎక్కాక పాత బండి పట్టాల మట్టం వస్తుంది. అక్కడి నుంచి దారి దాదాపు సమతలం, ఎందుకంటే రాయి నింపిన బండ్లు తోసిన దారది, వాలు ఎక్కువుంటే బండి చేతిలో ఉండదు. కింద పట్టాలు మిగిలిన చోట్ల పాదం వాటి మధ్యలో పెట్టండి, తడి ఇనుము మీద జారినంత సులువుగా ఇంకెక్కడా జారరు.

సొరంగంలో పక్కకి లోయవైపు తొలిచిన కన్నాలే "కిటికీలు". వెలుగు కోసమని అనుకుంటారు గానీ పనికిరాని రాయిని నేరుగా నదిలోకి గుమ్మరించడానికి తొలిచారు. కిందకి చూస్తే వైటఫెటా నది చాలా లోతులో ఉంటుంది. కమ్మీ మీదికి పిల్లల్ని ఎత్తి చూపించొద్దు.

లోపలికి అడుగుపెట్టగానే నడవకండి, అర నిమిషం ఆగండి. ఎండలోంచి వచ్చిన కళ్ళకి మొదటి పదడుగుల్లోనే నేల మీది గుంటలు కనబడవు, పడేవాళ్ళు ఎక్కువగా పడేది అక్కడే. ప్రతి కిటికీ దాటాక మళ్ళీ ఇదే పరిస్థితి. చలువ కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టండి (నెత్తిన పెట్టుకుంటే పైకప్పుకి తగులుతాయి).

పంపుహౌస్ వైపు సొరంగంలోకి కూడా వెళ్తే, కొండ లోపల తొలిచిన పెద్ద గదీ, నీళ్ళు నిండిన లోతైన బావిలాంటి షాఫ్టూ కనిపిస్తాయి. గని నది మట్టం కన్నా కిందికి దిగింది, నీళ్ళు తోడితే తప్ప పని సాగదు, అందుకే ఆ గది. కంచె బయటి నుంచే చూడండి. రాళ్ళు విసిరి లోతు కొలవొద్దు.

చీకటి ఎక్కువున్న పక్క సొరంగాల్లో దీపాలన్నీ ఆర్పేసి ఒక నిమిషం మాట్లాడకుండా నిలబడితే పైకప్పు మీద నీలిపచ్చ చుక్కలు మెరుస్తాయి. అవి గ్లోవార్మ్‌లు, ఒక రకం ఈగ తాలూకు పురుగులు, జిగురు దారాలు వేలాడదీసి దోమల్ని పడతాయి. టార్చి కొడితే, చప్పుడు చేస్తే ఆరిపోతాయి. గోడమీద పొడుగుకాళ్ళ వేటా పురుగులు కూడా కనిపించొచ్చు. వాటితో ఏ ప్రమాదం లేదు, అయినా ముట్టుకోవద్దు.

ఎక్కడికి వెళ్ళకూడదు, ఎందుకు

దారిమీద ఉన్న సొరంగాలు తనిఖీ చేసి జనం కోసం తెరిచినవి. కొండంతా ఇంకా ఎన్నో నోళ్ళున్నాయి, కొన్ని పొదల్లో సగం కప్పుకుని ఉంటాయి. వాటిలో గాలే మొదటి శత్రువు. రాతిలోని గంధకపు ఖనిజాలు తుప్పుపడుతూ ఆక్సిజన్ తినేస్తాయి, కుళ్ళే దుంగలు కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. గాలి ఆడని సొరంగంలో ఆ గాలి నిలిచిపోతుంది. ఆక్సిజన్ తగ్గితే వాసన ఉండదు, తల తిరిగేసరికే ఆలస్యమవుతుంది. పడిపోయినవాళ్ళ కోసం లోపలికి పరిగెత్తిన రెండోవాళ్ళు కూడా పోతారు. ఇక నేల సంగతి. లోపలి నుంచి కిందికి తవ్విన గుంతలమీద చెక్కలు పరిచి, మీద మట్టి పోసి వదిలేసినవి ఉంటాయి. వందేళ్ళ చెక్క మనిషి బరువుకి ఆగదు. నీళ్ళు నిండినదైతే మడుగులాగే కనిపిస్తుంది, లోతు పది మీటర్లుండొచ్చు.

సొరంగాల్లోంచి కారే నారింజ రంగు నీళ్ళు ఇనప తుప్పువి. తాగొద్దు, పిల్లలతో చేతులు పెట్టించొద్దు. బ్యాటరీల దగ్గర బూడిదరంగు మెత్తటి మట్టి కనిపిస్తే అది రాతిపిండి. సైనైడ్ గురించి భయపడనక్కర్లేదు, ఎండకీ గాలికీ అది ఎప్పుడో విరిగిపోయింది. విరగనివి పాదరసం, సీసం, ఆర్సెనిక్. అందుకే ఆ మట్టిలో ఆటలు వద్దు, తినే ముందు చేతులు కడిగించండి.

వాన పడుతున్నా, పైన కొండల్లో మబ్బులు కమ్మినా నదిలో దిగొద్దు. ఇదే ఒహినెమురి 1981లో పొంగి కొంచెం ఎగువనున్న వైకినో ఊరి దుకాణాల్ని ఊడ్చుకుపోయింది. అత్యవసరమైతే 111కి ఫోన్ చెయ్యండి. లోయలో సిగ్నల్ అన్నిచోట్లా అందదు గనుక ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో ఎవరికైనా చెప్పి బయల్దేరండి. డ్రోన్ ఎగరెయ్యాలంటే డాక్ అనుమతి ఉండాలి.

బంగారం జల్లించడం

న్యూజిలాండ్‌లో భూమిలో ఉన్న బంగారం, వెండి ప్రభుత్వానివి. పర్మిట్ లేకుండా సామాన్యులు జల్లించుకోవడానికి కొన్ని చోట్లు కేటాయించారు, అవన్నీ దక్షిణ దీవిలోనే ఉన్నాయి. పళ్ళెం, జల్లెడ, పార లాంటి చేతి పనిముట్లే వాడాలి, మోటారు ఉండకూడదు. కరంగహాకె ఉత్తర దీవిలోది. పైగా ఇక్కడి బంగారం పళ్ళెంలో నిలిచేది కాదని పైన చెప్పాను, పాదరసానికే చిక్కనిది పళ్ళేనికేం చిక్కుతుంది. పిల్లాడికి ఆ సరదా తీరాలంటే ఎప్పుడైనా క్వీన్స్‌టౌన్ వైపు వెళ్ళినప్పుడు ఆరోటౌన్‌లో ఆరో నది దగ్గర ఆగండి. 1862లో బంగారం దొరికిన నది అది, పళ్ళేలు అద్దెకిస్తారు, జల్లించుకోవడానికి అనుమతి ఉన్న చోటు.

ఇనప ముక్కలు, బోల్టులు, పింగాణీ పెంకులు జ్ఞాపకంగా జేబులో వేసుకోవద్దు. 1900కి ముందు మనుషులు పనిచేసిన చోట్లు చట్టప్రకారం పురావస్తు స్థలాలు. ఆ బోల్టు ఉన్నచోట ఉంటేనే అది రోలుదో తొట్టెదో తెలుస్తుంది.

అమ్మగారికి: రైలు సొరంగం, వైకినో

అదే పార్కింగ్ దగ్గర నుంచి హౌరాకి రైల్ ట్రైల్ వెళ్తుంది. రైలు ఎక్కలేనంత వాలు పట్టాలకి పెట్టరు కదా, సైకిళ్ళు తిరిగే ఆ బాట మోకాళ్ళకి సుఖం. 1905లో వైహీ దాకా వేసిన రైలు మార్గం అది. 1978లో కైమై సొరంగం తెరిచాక ఈ దారిన పెద్ద రైళ్ళు ఆగిపోయాయి. ఇందులో సుమారు 1.1 కిలోమీటర్ల సొరంగం ఉంది, లోపల మసక దీపాలున్నాయి. అయినా టార్చి ఉండాలి, ముందు చూడటానికి కన్నా ఎదురొచ్చే సైకిళ్ళకి మీరు కనబడటానికి. ఎడమవైపే, ఒకరి వెనక ఒకరు నడవండి. వేసవిలో కూడా లోపల చల్లగా ఉంటుంది, పైనుంచి నీళ్ళు చినుకుతాయి, అమ్మగారికి స్వెట్టరు ఉంచండి. చీకటి, ఇరుకు అంటే భయమున్నవాళ్ళకి కిలోమీటరు తక్కువేం కాదు. ముందు ఇరవై అడుగులు వెళ్ళి చూసి, ఇబ్బందనిపిస్తే నది పక్క దారి పట్టండి.

మీరూ బాబూ విండోస్ వాక్‌కి వెళ్ళినంతసేపు అమ్మగారు ఈ దారిలో నెమ్మదిగా తిరిగొస్తారు. తర్వాత అందరూ కారులో వైకినో వెళ్ళండి, పది నిమిషాలు పట్టదు. అక్కడి విక్టోరియా బ్యాటరీలో 200 స్టాంపులుండేవి, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ప్రాంతంలో అంతకన్నా పెద్దది లేదు, రోజుకి 800 టన్నులకి పైగా రాయి దంచేది. వైహీలోని మార్తా గని రాయి రైల్లో ఇక్కడికి వచ్చి దిగేది. తొట్టెల పునాదులు ఇక్కడ వరసలు వరసలుగా, చాలా స్పష్టంగా మిగిలాయి. కొండలో తొలిచిన బట్టీలు కూడా చూడండి. మొదట్లో రాయిని కట్టెలతో కాల్చి పెళుసెక్కించి పొడిగా దంచేవారు. ఆ దుమ్ము పనివాళ్ళ ఊపిరితిత్తుల్ని తినేసేది, అడవి కట్టెలకి పోయేది. తర్వాత నీళ్ళు కలిపి దంచడం మొదలయ్యాక రెండూ తగ్గాయి. శిథిలాలు ఎప్పుడైనా చూడొచ్చు. మ్యూజియం, చిన్న ట్రామ్ మాత్రం స్వచ్ఛంద సంఘం వారంలో కొన్ని రోజులే నడుపుతుంది, ముందే చూసుకుని ఆ రోజున వెళ్ళండి.

టైముంటే వైహీ దాకా వెళ్ళి మార్తా గొయ్యి అంచున నిలబడండి. గనిలో నీళ్ళు తోడడానికి కట్టిన 1904 నాటి కార్నిష్ పంపుహౌస్‌ని కింద నేల కుంగుతోందని 2006లో మొత్తంగా సుమారు 300 మీటర్లు పక్కకి జరిపారు. అలా జరిగిన కట్టడమని తెలిశాక పునాది వైపే చూపు పోతుంది. నది చెంత పైరోవాలో మట్టి మేటలెందుకని అడిగితే దానికీ జవాబు ఈ దారిలోనే ఉంది. 1895లో ఒహినెమురిని చట్టప్రకారం గనుల బురద పారే కాలువగా ప్రకటించారు, ఇన్ని బ్యాటరీల పిండి దిగువకి కొట్టుకుపోయి నది మెరకెక్కి వరదలు తెచ్చింది.

సమయం ఇలా పంచుకోండి: తొమ్మిదిన్నరకి చేరడం, బ్యాటరీల దగ్గర ముప్పావు గంట, విండోస్ వాక్ రెండు గంటలు, భోజనం, మూడు లోపు వైకినో, నాలుగున్నరకి వైహీ లేదా ఇంటిదారి. చలికాలమైతే వైహీ వదిలెయ్యండి. విండోస్ వాక్ మూసి ఉందని తెలిస్తే మాత్రం ప్రయాణం మానుకోకండి, రైలు సొరంగమూ వైకినో రెండూ చూసినా రోజు నిండుతుంది.